విజయ కోసం ఆడిన పూనకం

నేను ఒట్టు వేయను. దేవుడి మీద వేయడానికి నమ్మకం లేదు. తల మీద చెయ్యి పెట్టి చెబితే అబద్ధం నిజమవుతుందని కూడా అనుకోను. కాబట్టి మామూలుగానే చెబుతున్నాను. ఇది జరిగింది. నాకే జరిగింది. పోయిన ఏడాది చలికాలం, ఒక ఆదివారం రాత్రి.

నన్ను ఎరిగినవాళ్ళు నవ్వుతారు. నవ్వండి. ముప్పై ఏళ్ళుగా మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాస్తున్నదాన్ని. మా నాన్న గుంటూరులో సంస్కరణ సభలకు నన్ను భుజం మీద ఎక్కించుకుని వెళ్ళేవాడు. మాటలు రాకముందే వాదనలు విన్నాను. ఇలాంటి కథ ఇంకెవరైనా చెబితే మొదటి వాక్యం దగ్గరే ఆపి, సాక్ష్యం ఏదీ అని అడిగేదాన్ని. ఇప్పుడు సాక్ష్యం నేనే. అదే ఇబ్బంది.

విజయ నా స్నేహితురాలు. యూనివర్సిటీ హాస్టల్లో మాది ఒకే గది. తనది నల్లగొండ వైపు పల్లెటూరు. తర్వాత ఆ యూనివర్సిటీ లైబ్రరీలోనే ఉద్యోగంలో చేరింది. క్యాంపస్ వెనక పాత స్టాఫ్ క్వార్టర్సులో ఉంటుంది. నేను తార్నాకలో. నడిస్తే ఇరవై నిమిషాలు.

నాలుగేళ్ళ కిందట వాళ్ళాయన పోయాడు. గుండె ఆపరేషనుకని చక్రాల మంచం మీద తీసుకెళ్ళారు. తలుపు దాకా ఆయన చెయ్యి పట్టుకుని నడిచింది. మనిషి తిరిగి రాలేదు. ఎవరి తప్పూ లేదు. గుండె నిలవలేదు, అంతే. కానీ ఆ తలుపు మూసుకున్న చప్పుడు తన చెవిలో ఉండిపోయింది.

అప్పుడు మొదలైంది తన తిరుగుడు. ముందు బౌద్ధనగర్‌లో ఒక జ్యోతిష్కుడు. ఏలినాటి శని అన్నాడు. నీలం ఉంగరం వేలికెక్కింది. తర్వాత అరుణాచలం. చెప్పుల్లేకుండా కొండ చుట్టూ నడిచి, అరికాళ్ళ నిండా బొబ్బలతో వచ్చింది. ఆ తర్వాత మా వీధిలోనే ఒక ఫ్లాటులో మేడం. ఒంటిని తాకకుండా, గాల్లో చేతులు తిప్పి జబ్బు లాగేస్తుందట. నేను దేన్నీ ఎగతాళి చేయకుండా వదల్లేదు.

"ఈసారి ఏ కౌంటర్ దగ్గర నిలబడ్డావే?" అని అడిగేదాన్ని.

తను కోప్పడేది కాదు. "నీకు పుస్తకాలున్నయి. నాకేమున్నది?" అనేది.

చివరికి మల్లవ్వ దగ్గర ఆగింది. లాలాగూడలో రైల్వే క్వార్టర్ల పక్కన పూలు కట్టి అమ్మే ముసలామె. ఒంటి మీదికి అమ్మవారు వస్తుంది, అడిగినవాళ్ళకు మాట చెబుతుంది. అలాంటివాళ్ళను ఇక్కడ శివసత్తులు అంటారు. నిజం చెప్పాలంటే, విజయ తిరిగిన అందరిలోనూ అబద్ధం ఆడని మనిషిలా కనిపించింది ఆమె ఒక్కతే. అది నాకు మరీ చిరాకు.

ఇంతవరకైతే ఊరుకునేదాన్ని. కానీ ఈ తిరుగుడు మధ్యలోనే విజయ రొమ్ములో గడ్డ కనిపించింది. ముక్క తీసి పరీక్ష చేశారు. డాక్టరమ్మ దాచలేదు. ఇప్పుడు తీసేస్తే బతుకుతావు, ఆలస్యం చేస్తే నేను మాట ఇవ్వలేను అంది. తేదీ ఇచ్చింది. గ్రహబలం లేదని విజయ వెళ్ళలేదు. ఇంకో తేదీ ఇచ్చింది. ఆ రోజు కొండ చుట్టూ తిరుగుతోంది. మూడో తేదీ ఆ సోమవారం. పొద్దున ఏడింటికల్లా ఆస్పత్రిలో ఉండాలి.

"అమ్మ పొమ్మంటే పోత," అంది.

"అనకపోతే?"

"పోను."

"చచ్చిపోతావే!"

"ఆయన పోయి బతికిండా?"

ఆదివారం రాత్రి మల్లవ్వను ఇంటికి పిలిపించుకుంది. నన్నూ రమ్మంది. వెళ్ళాను. వాదించే ఓపిక అయిపోయింది. తెల్లారి ఎలాగైనా ఆటో ఎక్కించాలి, అదొక్కటే ఉంది మనసులో.

ముందు గదిలో సోఫా గోడకు జరిపారు. నేల మీద పసుపు నీళ్ళు చల్లారు. ఒక దీపం. నాలుగు వేపకొమ్మలు. మల్లవ్వ తమ్ముడు పోచయ్య జమిడిక వాయిస్తున్నాడు. చంకలో ఇరికించుకుని, తీగ లాగి మీటే వాయిద్యం అది. గుమ్... గుమ్... గుమ్... చెవికంటే ముందు కడుపులో వినిపిస్తుంది. బయట చెట్ల మీద నెమలి ఒకటి ఉండుండి అరుస్తోంది.

తొమ్మిదయింది. తొమ్మిదింపావు అయింది. మల్లవ్వ జుట్టు విప్పుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. ఊగలేదు. వణకలేదు. చెమట కూడా పట్టలేదు. చివరికి కళ్ళు తెరిచింది.

"ఇయ్యాల రాదు బిడ్డా."

"ఇంకొంచెం సేపు చూడవ్వా," అంది విజయ.

"పిలువంగనే వచ్చెతందుకు ఆమె ఏమన్న ఆటోనా? రాదంటె రాదు."

విజయ మొహం చూశాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. తేలికపడింది... సెలవు దొరికిన పిల్లలా. అది చూసి నాకు నిజంగా భయం వేసింది.

"అయితే రేపు పోను," అంది. నాతో కాదు. తనతో తనే.

అప్పుడు నేనొక పని చేశాను. సిగ్గుపడాల్సిన పనే.

చదువుకునే రోజుల్లో మేం సెలవులకు ఊళ్ళు తిరిగి బాబాల గారడీలు విప్పి చూపించేవాళ్ళం. నాలుక మీద కర్పూరం వెలిగించడం, చేతిలోంచి విభూతి తీయడం. అందులో పూనకం నా వంతు. పొట్టి ఊపిరి, గబగబా. తల అటూ ఇటూ. చూపు దీపం మీద. నిమిషంలో వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. పెదాలు బిగుసుకుంటాయి. గొంతు మారుతుంది. ఊళ్ళో ఆడవాళ్ళు దండాలు పెట్టేదాకా ఆడి, టక్కున ఆపేసి, జుట్టు ముడేసుకుని వివరించేదాన్ని. రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గింది, అంతే, అమ్మా లేదు అయ్యా లేదు అని. సామాను పెట్టె మోసేది విజయే. వంద సార్లు ఆడి ఉంటాను. ఒక్కసారి కూడా నాకు తల తిరగలేదు.

నా మాట వినదు. మల్లవ్వ నోట అమ్మ మాట రాలేదు. మరి గుడి మెట్టు ఎక్కని నా నోటి నుంచి వస్తే? ఆ పాత నాటకాలు తనకిప్పుడు గుర్తుండవనుకున్నాను. నమ్మి తీరుతుంది. ఒక్క వాక్యం చాలు. "రేపు పో. ఆ కత్తి నాదే." అని చెప్పి పడిపోవాలి. రెండు నిమిషాల పని.

"పోచయ్యా, ఇంకొక్కసారి వాయించవా," అన్నాను.

అతను అక్క వైపు చూశాడు. ఆమె భుజాలు ఎగరేసింది. నేను దీపం ముందుకు జరిగి కూర్చున్నాను.

ఇక్కడి నుంచి నెమ్మదిగా చెబుతాను. నేనూ దీన్ని చాలాసార్లు నెమ్మదిగా వెతుక్కున్నాను.

గుమ్... గుమ్... ఊపిరి మొదలుపెట్టాను. వేళ్ళు తిమ్మిరెక్కాయి. సరే. పెదాలు బిగిశాయి. సరే. క్లిప్పు లాగేశాను. జుట్టు మొహం మీద పడింది. షాంపూ వాసన... అది కూడా గుర్తుంది. ఊపిరులు లెక్కపెడుతున్నాను. నలభై... నలభై ఒకటి... విజయ మోకాళ్ళ మీదికి లేవడం కనిపించింది. మల్లవ్వ నన్నే చూస్తోంది. ఆమె మొహంలో చిన్న నవ్వు. దొంగను పట్టుకున్న నవ్వు. ఆమెకు తెలిసిపోయింది. ఫర్వాలేదు అనుకున్నాను. లాలాగూడ వైపు నుంచి రైలు కూత వినిపించింది. పొడుగ్గా...

"రేపు పో," అన్నాను. గొంతు బాగా కుదిరింది. "ఆ కత్తి..."

కూత ఆగింది.

జమిడిక ఆగింది.

అంతే.

చీకటి కమ్మలేదు. కళ్ళు తిరగలేదు. నిద్ర నుంచి లేచినట్టూ లేదు. కూత ఆగింది... ఆ వెంటనే, మధ్యలో ఏమీ లేకుండా, నేను గదికి అటు చివర పెరటి తలుపు దగ్గర నిలబడి ఉన్నాను.

తలుపు బార్లా తెరిచి ఉంది. చలిగాలి కొడుతోంది. నా చెయ్యి గడియ మీద ఉంది. దీపంలో నూనె అయిపోయి వత్తి పొగ చిమ్ముతోంది. గొంతు మండుతోంది. రోజంతా పాఠం చెప్పినట్టు. గోడ గడియారం చూశాను. పదింపావు. నేను మొదలుపెట్టింది తొమ్మిదిన్నరకు.

నెమలి అరవడం లేదు. ఎప్పటి నుంచి మానేసిందో తెలియదు.

పోచయ్య గదిలో లేడు. వాకిట్లో మెట్ల మీద, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. మల్లవ్వ గబగబా వేపకొమ్మలు ఏరుకుంటోంది. ఆ నవ్వు లేదు. విజయ గోడకు ఆనుకుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన మొహం. నా వైపే చూస్తోంది... కాదు. నా పక్కన తెరిచి ఉన్న తలుపు వైపు.

"అయిపోయిందా?" అన్నాను. పిచ్చి ప్రశ్న.

"ఏంటి మల్లవ్వా, మీ అమ్మ నా మీదికి వచ్చిందా?" అని ఎగతాళి చేయబోయాను. బొంగురు గొంతుతో అది ఎగతాళిలా వినిపించలేదు.

ఆమె చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ ఆగింది. "ముప్పై ఏండ్ల సంది వస్తది నాకు అమ్మ. ఆమె అడుగు నాకెరికే. ఇప్పుడొచ్చింది అమ్మ గాదు."

"మరి ఎవరు?"

"నన్నడుగుతవేంది? పిలిచింది నువ్వు."

మెట్లు దిగి వెళ్ళిపోయింది. వీధి దీపం దాటేదాకా చూశాను. అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

విజయ లేచింది. నన్ను తాకకుండా దూరంగా చుట్టి వచ్చి పెరటి తలుపు వేసింది. గడియ పెట్టింది. అల్మారాలోంచి బ్యాగు తీసింది. రిపోర్టులు, దుప్పటి, ఫ్లాస్కు సర్దుకుంది.

"ఆటో ఎన్నింటికి రమ్మంటవ్?" అంది.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. తను హాయిగా పడుకుంది. అడిగితే జడిసి మనసు మార్చుకుంటుందేమోనని ఏమీ అడగలేదు. ఆరున్నరకు ఆటో ఎక్కించాను.

కారణాలు నాకు తెలియకపోలేదు. గబగబా ఊపిరి, ఒకే తీరు మోత, పొద్దుటి నుంచి తిండి లేదు, స్నేహితురాలు చచ్చిపోతుందన్న భయం. అలాంటప్పుడు మనసు పక్కకు తప్పుకుంటుంది, నోరు పని చేస్తూనే ఉంటుంది. ఊపిరాడక తలుపు నేనే తీసి ఉంటాను. ఇవన్నీ ఇంకొకరికి జరిగితే నేనే రాసేదాన్ని. మెదడు డాక్టరుకు కూడా చూపించుకున్నాను. అంతా శుభ్రంగా ఉంది, ఏమీ లేదన్నాడు. అంత సంతోషం కలగలేదు. పూనకం మీద మొదలుపెట్టిన వ్యాసం మాత్రం మూడో పేరా దగ్గర ఆగి ఉంది.

విజయ ఆపరేషన్ బాగా జరిగింది. ఐదో రోజు వార్డులో పక్కన కూర్చున్నాను. తను ఇడ్లీ తింటోంది. ఇక మోయలేకపోయాను.

"విజయా, నీకొకటి చెప్పాలి. ఆ రాత్రి నేను నటించాను. నిన్ను ఇక్కడికి తేవడానికి. మోసమే. తిట్టు."

"ఎరికే," అంది చట్నీ అద్దుకుంటూ.

"ఏం ఎరుక?"

"నీ పెట్టె మోసింది ఎవరే? ఆ ఊగుడు నాకు తెల్వదా? కత్తి, గిత్తి అంటుంటె నవ్వాపుకోలేక సచ్చిన. ఇది నా కోసం గింత నాటకం ఆడుతున్నదే పాపం అనుకున్న." కాసేపు నమిలింది. "అయినా పోవద్దనే అనుకున్న."

"మరి ఎందుకొచ్చావ్?"

ఇడ్లీ ముక్క పళ్ళెంలో పెట్టేసింది.

"నాటకం ఆపేసినంక మాట్లాడినవ్ గద. గందుకు."

వార్డులో ఎవరిదో ఫోను మోగి ఆగింది.

"ఏం మాట్లాడాను?"

"చెప్పొద్దన్నవ్."

"ఎవరికి చెప్పొద్దన్నాను?"

విజయ నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఆస్పత్రికి వచ్చింది నేను అన్నట్టు, రోగిని నేనే అన్నట్టు, మెల్లగా నిమిరింది.

"నీకు," అంది.