క్యాసెట్ చివర మిగిలిన గొంతు

నలభై ఏళ్లు దాటింది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. గుండె మీద బండలా మోస్తూ వచ్చాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ఎనభైల మొదట్లో కువైట్‌లో డ్రైవర్ని. సాల్మియాలో ఉండే ఒక అమెరికా ఇంజనీరుకు కారు నడిపేవాణ్ణి. మంచి మనిషి. కారులో ఆయన క్యాసెట్ ఒకటుండేది. వాళ్ల దేశంలో రెండు పెద్ద జట్లు ఆడిన బేస్‌బాల్ ఆట, ఆఖరి అరగంట. ఆయన నాన్న రేడియో ముందు టేప్ రికార్డర్ పెట్టి, రికార్డు చేసి పంపాడు. ఒకే ఒక్క పరుగు తేడాతో గెలిచారట. ఎవరు గెలిచారో తెలిసి కూడా సార్ ప్రతిసారీ ఊపిరి బిగబట్టి వినేవారు. నాకు లోలోపల నవ్వొచ్చేది.

తర్వాత ఆ నాన్న పోయాడు. విమానాశ్రయానికి సార్‌ని నేనే తీసుకెళ్లాను. తిరిగొచ్చాక ఆయన ఆ క్యాసెట్ పెట్టమనలేదు.

మాకు ఆ రోజుల్లో క్యాసెట్లే ఉత్తరాలు. నా భార్యకు చదువు రాదు. ఊరికి పోయేవాళ్ల చేతికి మా మాటలు ఇచ్చి పంపేవాళ్లం. ఒక శుక్రవారం రాయచోటి అతను మధ్యాహ్నం విమానానికి పోతున్నాడని తెలిసింది. నమాజు వేళ, కొట్లన్నీ మూసేశారు. పాపకు జ్వరమని కబురొచ్చి వారమైంది. ఖాళీ క్యాసెట్ ఎక్కడా దొరకలేదు.

సార్‌ది తీశాను. దాని మీద ఇంకేదీ రికార్డు కాకుండా ఆ పెద్దాయన మూలనున్న చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేసి పంపాడు. అదెందుకు విరుస్తారో నాకు తెలుసు. తెలిసే ఆ సందులో కాగితం మడిచి కుక్కి, ఆట మీదే నా మాటలు రికార్డు చేసి పంపేశాను. ఎప్పుడో అయిపోయిన ఆటే కదా, ఆయనిప్పుడు వినడం లేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా? లేక ఇప్పుడు అల్లుకుంటున్నానా?

రెండు వారాలకు సార్ అడిగారు.

"నా క్యాసెట్ చూశావా?"

"లేదు సార్."

"ఆట పోతే పోనీ. చివర్లో మా నాన్న అరుస్తాడు. ఆయన గొంతు నా దగ్గర ఉన్నది అదొక్కటే."

నేను అద్దం తుడుస్తూ ఉండిపోయాను. ఆ అరుపు కూడా రేడియోదే అనుకున్నాను ఇన్నాళ్లూ.

నెల తర్వాత అదే క్యాసెట్ తిరిగొచ్చింది. నా మాటల మీదే నా భార్య మాట్లాడింది, ఊరి కబుర్లన్నీ కలిపి దాదాపు అరగంట. "ఏమయ్యా, బాగుండావా? పాపకు జరం తగ్గిపోయింది. నువ్వేం దిగులు పెట్టుకోవాకు. యాళకు ఇంత తిను. ఇంగ చెప్పేదానికేముండాది, ఉంటా." టక్కుమని చప్పుడు. ఆ వెంటనే జనం హోరు. దాని మీదుగా ఒక ముసలాయన కేక, దగ్గు, నవ్వు. మాటలు అర్థం కాలేదు. వాటిల్లో సార్ పేరు మాత్రం తెలిసింది.

చివరి అర నిమిషం బతికే ఉంది.

ఇచ్చేయొచ్చు. కానీ ముందంతా నా భార్య గొంతు. దొంగతనం బయటపడుతుంది, ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, రద్దు చేసి పంపేస్తారు. అది భయం. నా భార్య గొంతు వదులుకోవడం నాకిష్టం లేదు. ఇది కూడా నిజం. మరుసటి ఏడు సార్ దేశం వదిలి వెళ్లారు. పెట్టెలు మోసి, చెయ్యి కలిపాను. క్యాసెట్ నా చొక్కా జేబులోనే ఉంది. ఆ చేత్తో తీసి ఇవ్వడానికి ఎంతసేపు పడుతుంది?

నా భార్య పోయి మూడేళ్లు. ఆమె గొంతు నా దగ్గర ఉన్నది ఆ క్యాసెట్‌లోనే. పెట్టుకుంటాను. "ఉంటా" అనగానే ఆపేయాలనుకుంటాను. ఏ రోజూ ఆపలేదు. ఆ ముసలాయన కొడుకుని పిలుస్తాడు, నేను వింటాను. వినాల్సింది నేను కాదు.

సార్, ఆ రోజు అడిగారు కదా, చూశావా అని.

చూశాను. నేనే తీశాను.