గీతకు రెండడుగుల ముందు

మా నానమ్మ తమ్ముడు యాకోబుకు పరుగు ఆట కాదు, వెట్టి. మంజీర ఒడ్డున ఉన్న మా ఊరి నుంచి దొర కచ్చురం బండి మెదక్‌కు బయలుదేరితే, ఎడ్లకు ముందు పరిగెత్తడం వాళ్ళ ఇంటి వంతు. కూలి లేదు. కచ్చురం ఆగగానే పక్కకు జరిగి, నడుం వంచి, చేతులు నేలకు ఆనించాలి. ఎనిమిదో ఏట మొదలైంది. బాప్తిస్మంతో పేరు మారింది, వెట్టి మారలేదు.

నలభై ఏడులో కమ్యూనిస్టుల సంఘం వాళ్ళు వెట్టి బందన్నారు. దొర హైదరాబాదుకు పారిపోయాడు. యాకోబు మెదక్ వచ్చి ఒక బడిలో నీళ్ళు మోసే పనికి కుదిరాడు. అక్కడి డ్రిల్లు మాస్టరు ప్రభుదాసు అతనికి హర్డిల్స్ నేర్పాడు. రెండు గుంజల మీద ఒక వెదురు కర్ర, అట్లాంటివి పది. పొలాల గెట్లు దూకిన కాళ్ళకు అవి ఒక లెక్క కాదు.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి జనవరిలో మెదక్‌లోనే ఆటల పోటీలు పెట్టారు. హర్డిల్స్‌లో గెలిచినవాడికి డ్రిల్లు మాస్టరు కింద కొలువు ఇస్తామన్నారు.

"జీతమిచ్చి ఉరికిపిస్తరట," అని యాకోబు తల్లి దానమ్మ వాడంతా చెప్పుకొని నవ్వింది.

పదో కర్ర దాటేసరికి పటేలు కొడుకు జనార్దన్ నాలుగు గజాలు వెనుక ఉన్నాడు. యాకోబు తలెత్తాడు. గీత అవతల, కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు దొర. నెత్తిన ఖద్దరు టోపీ. మిలిటరీ వెనకాలే తిరిగొచ్చి ఆ పోటీలకు అధ్యక్షుడయ్యాడు. ఆ సంగతి యాకోబుకు ఎవరూ చెప్పలేదు.

గీత ఇంకా రెండడుగులుంది. యాకోబు ఆగాడు. పక్కకు జరిగాడు. నడుం దానంతటదే వంగింది, చేతులు నేలకు ఆనాయి. జనార్దన్ అతణ్ణి దాటిపోయి దారం తెంపాడు.

మైదానమంతా నవ్వింది.

"సర్కారు మారినా మావోని బుద్ధి మారలే," అన్నాడు దొర, పక్కనున్న అధికారితో.

నాకు దొర మీదకంటే ఆ నవ్విన వాళ్ళ మీదే కోపం. వాళ్ళలో సగం మంది నడుములు అట్లా వంగినవే. రజాకార్లు పోయారని జెండాలు ఊపిన చేతులే ఆ పొద్దున దొర మెడలో దండ వేశాయి.

యాకోబు లేచి ప్రభుదాసు దగ్గరికి వెళ్ళాడు.

"మళ్ళ ఉరికిపియ్యుండ్రి సారూ."

"అయిపోయిందిరా. జనార్దన్ పేరు రాసుకున్నరు."

"కొలువు వాన్నే తీస్కోనియ్యుండ్రి. నాకు గా గీత దాటుడు కావాలె."

జవాబు కోసం ఆగలేదు. మొదటికి నడిచి, ఒక్కడే పరిగెత్తాడు. పది కర్రలూ దాటాడు. గీతా దాటాడు. వేగం తగ్గించకుండా దొర నిలబడ్డ చోటికే వచ్చాడు. దొరే పక్కకు జరగాల్సి వచ్చింది. కుర్చీ పడిపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రమే కమ్యూనిస్టని పట్టుకుపోయారు. ఎనిమిది నెలలు జైల్లో ఉంచారు. నేరమేందని దానమ్మ ఠాణాకు పోయి అడిగితే, "దొర మీదికి ఉరికిండు," అన్నారు.

"పదమూడేండ్లు దొర ముంగట ఉరికిండు," అంది ఆమె. "గప్పుడు ఒక్కలన్న అడిగిండ్రా?"