గోడకు చాలని మెడల్స్

మా పెద్దనాన్న పటాలంలో లారీ డ్రైవరు. డెబ్బై ఒకటి యుద్ధంలో తూర్పు సరిహద్దు దాకా తూటాల పెట్టెలు తోలాడు. తిరిగొచ్చాక నారాయణగూడలో ఒక బ్యాంకు ముందు తుపాకీ పట్టుకుని నిలబడే ఉద్యోగం చేశాడు. 2009లో పోయాడు. ఆయనకు రావలసిన మెడల్స్ రానే రాలేదు, ఆయన అడగనూ లేదు. అర్జీ ఎందుకు రాయవని నేను ఒకసారి అంటే, "ఇచ్చేదుంటే వాళ్లే ఇస్తరు. నేను చెయ్యి చాపుడేంది?" అన్నాడు.

మా బాబాయికి అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్ ఉంది. పెద్దనాన్న బతికున్నన్నాళ్లూ ఈయన మా అన్న అని ఎవరికీ చెప్పుకోలేదు. బాబాయి కూతురి నిశ్చితార్థం నాడు పెద్దనాన్న డ్యూటీ దిగి ఖాకీ బట్టలతోనే వస్తే, గేటు దగ్గరే ఆపి వెనక దారి చూపించాడు. పెద్దనాన్న వంటవాళ్ల పక్కన కూర్చుని తిని, దీవించి వెళ్లిపోయాడు.

అలాంటి బాబాయికి 2012లో అన్న గుర్తొచ్చాడు. పోలీసు, సైనిక ఉద్యోగాలకు కొత్త బ్యాచ్ మొదలుపెడుతూ ఫ్లెక్సీ మీద 'వీర సైనికుని కుటుంబం' అని వేయించాడు. కొడుకుని చేర్పించడానికి వచ్చిన ఒక మాజీ సైనికుడు, మీ అన్నకు ఏ మెడల్స్ వచ్చాయని అడిగాడట. మర్నాడే బాబాయి మెడల్స్ తెప్పించమంటూ బిస్కెట్ల డబ్బాతో మా ఇంటికొచ్చాడు. నేను సర్కారు ఆఫీసులో గుమాస్తాను, అర్జీలు రాయడం నాకు అలవాటే కదా. అన్న పరువు కోసమే ఇదంతా అంటూ ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటుంటే నాకు రోత పుట్టింది.

పెద్దమ్మ అడిగి ఉండకపోతే నేను కదిలేదాన్ని కాదు. చిక్కడపల్లిలో చిన్న కిరాయి గదిలో జాకెట్లు కుట్టుకుంటూ ఉండేది. "తెప్పియ్యి బిడ్డా, ఎట్లుంటయో చూస్త" అంది. పెద్దనాన్న నల్ల ట్రంకు పెట్టె మూత మీద తెల్ల రంగుతో రాసిన సర్వీసు నంబరు కాగితం మీద ఎక్కించుకుని, ముగ్గురం మాజీ సైనికుల సంక్షేమ ఆఫీసుకు వెళ్లాం. భార్య ఉండగా తమ్ముడి పేరు మీద ఇవ్వరని అక్కడి పెద్దాయన మర్యాదగానే చెప్పాడు. బాబాయి మొహం మాడిపోయింది. తిరిగి వస్తూ ఆటోలో దారంతా సణిగాడు. ఆ తర్వాత కాగితాలకు, సంతకాలకు తిరిగింది పెద్దమ్మా, నేనూ.

ఏడాది దాటాక మెడల్స్ రిజిస్టర్డ్ పోస్టులో పెద్దమ్మ గదికి వచ్చాయి. రంగుల రిబ్బన్లు, అరచేతిలో ఇమిడిపోయే బిళ్లలు. అంచు చుట్టూ ఆయన పేరు ఇంగ్లిషులో చెక్కి ఉంది. నేను చదువుతుంటే పెద్దమ్మ ఒక్కో అక్షరం మీద గోరు ఆనించింది.

కబురు తెలిసి బాబాయి వచ్చాడు. ఒకటి తీసి వెలుతురులో తిప్పి చూశాడు.

"ఇంత చిన్నగున్నయేంది? బంగారం కాదా?"

యుద్ధంలో పనిచేసినవాళ్లందరికీ ఇవే ఇస్తారని చెప్పాను.

"అందరికిచ్చేదానికి ఇంత పరేషానా" అని దాన్ని మంచం మీద పడేశాడు. పెద్దది చేయిస్తానని చెప్పి గోడ మీది పెద్దనాన్న ఫోటో మాత్రం పట్టుకుపోయాడు.

ఇక పీడ వదిలిందనుకున్నాను. మరో కొత్త బ్యాచ్ ప్రారంభానికి రమ్మని ఫోన్ చేశాడు. వెళ్లాం. వేదిక మీద బల్లపై దండ వేసిన పెద్దనాన్న ఫోటో. వెనక గోడకు అద్దాల ఫ్రేములో సాసర్లంత పసుపుపచ్చ మెడల్స్, వాటికి మూడు రంగుల రిబ్బన్లు. దగ్గరికెళ్లి చూస్తే ఒక దాని మీద పరుగుపందెం బొమ్మ ఉంది. ఆటసామాన్ల దుకాణంలో కొన్నవి. బాబాయి మైకులో, దేశం మా అన్నకిచ్చిన గౌరవం ఇదే అని గొంతు వణికిస్తున్నాడు. ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్న పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్ల చప్పట్లు కూడా ఆయన ఫీజులో కలుపుకున్నట్టే అనిపించింది.

పెద్దమ్మ లేచి వేదిక ఎక్కింది. దండం పెడుతుందనుకున్నారంతా. దండ తీసి బల్ల మీద పెట్టి, ఫోటో చంకన పెట్టుకుంది. బాబాయి మైకు దించకుండానే గొణిగాడు.

"వదినా, అందరు చూస్తున్నరు."

"చూడనీ. ఫోటో నాది, తీస్కపోతున్న. గా బిళ్లలు నువ్వు కొనుక్కున్నవి, నువ్వే ఉంచుకో."

హాలంతా వినబడింది. ముందు వరసలో ఒకరిద్దరు తల వంచుకుని నవ్వు ఆపుకున్నారు.

బ్యాచ్ బాగానే నిండిందట. ఫ్రేము గోడ మీదే ఉందట. పెద్దమ్మకు నేనే ఎక్కించి చెప్పానని బాబాయి చుట్టాలందరితో అంటున్నాడని తెలిసింది. ఆయనకు జవాబు చెప్పడం కూడా దండగే అనిపించింది.