అమ్మకు చెప్పని చోటు

మా చిన్నప్పుడు... ఆదివారం మధ్యాహ్నం పక్కింటి ఆంటీ మాలియా పెద్ద చెక్క గిన్నె రెండు చేతులతో పట్టుకుని, మా వంటింటి తలుపును మోకాలితో నెట్టుకుని వచ్చేది. గిన్నెలో పోయ్. కలో దుంపను ఉడికించి, రాతితో దంచి, నీళ్లు కలిపిన ముద్ద. కలో అంటే మన చేమదుంపే... రంగు మాత్రం ఊదా.

అప్పుడు మేం హవాయి దీవుల్లో, కవాయిలో ఉండేవాళ్లం. నాన్న విత్తనపు మొక్కజొన్న పొలాల్లో పని చేసేవాడు. అక్కడంతా ఎర్రమట్టి. ఆయన సాక్సులు ఎన్నిసార్లు ఉతికినా ఆ ఎరుపు వదిలేది కాదు.

"వాల్‌పోస్టర్లు అంటించే మైదాపిండిలా ఉంది" అనేది అమ్మ, తెలుగులో.

"నాకు ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు. మీ అమ్మ మొహమే చెప్తోంది" అని ఆంటీ నవ్వేది.

మేం వేళ్లతో తినడం చూసి మొదటి రోజే మమ్మల్ని తనవాళ్లలో కలిపేసుకుంది. ఆమెను మాలియా ఆంటీ అనకూడదు, ఆంటీ మాలియా అనాలి. అక్కడ వరస ముందు, పేరు తర్వాత.

ఆమెకు ఒకటే నియమం. గిన్నె మూత తీశాక బల్ల దగ్గర తగువు పడకూడదు. ఎవరి గొంతు లేచినా "కులికులి!" అనేది. నోరు మూయమని. మూత పెట్టాక మీ ఇష్టం... కొట్టుకుని చావండి అనేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ కాన్పుకి ఆస్పత్రికి వెళ్లింది. చెల్లి ప్రాణం లేకుండా పుట్టింది. అమ్మ ఇంకా మంచం మీద ఉండగానే నాన్న ఒక్కడూ తీసుకెళ్లి పూడ్చి వచ్చాడు. ఎక్కడో అమ్మకు చెప్పలేదు. పసిబిడ్డను పెట్టిన చోటు తల్లికి తెలియకూడదు, తెలిస్తే ఆమె మనసు అక్కడే తిరుగుతుంది అని నాయనమ్మ ఇండియా నుంచి ఫోన్‌లో చెప్పిందట.

ఇంటికి వచ్చిన రోజు అమ్మ గుమ్మం బయట ఉన్న నాన్న బూట్లు తిరగేసి చూసింది. ఎర్రమట్టి కాదు. ఇసుక.

ఆ తర్వాత సముద్రం దగ్గరికి రావడం మానేసింది. ఒక శనివారం నేనే బతిమాలి తీసుకెళ్లాను. చెప్పులు విప్పి, గడ్డి అయిపోయి ఇసుక మొదలయ్యే చోట నిలబడిపోయింది.

"రా అమ్మా!"

"ఎక్కడ అడుగు వెయ్యాలో తెలీట్లేదే..."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇసుకలో గూళ్లు కట్టడం మానేశాను. తవ్వాలంటే భయం వేసేది.

ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్లు కాదు. నాన్న పెందలాడే పొలానికి వెళ్లిపోయేవాడు. అలా నాలుగు నెలలు గడిచాయి.

ఒక ఆదివారం ఆంటీ గిన్నె మూత తీసి, నాన్నతో "నువ్వు మొక్కజొన్నతో మాట్లాడతావట కదా. మాతో కూడా ఒక ముక్క మాట్లాడు" అంది. నాన్న నవ్వలేదు.

అప్పుడు ఆమె అమ్మ వైపు తిరిగి ఆ నియమం ఎందుకు వచ్చిందో చెప్పింది. అది వాళ్ల పాత కథ. లోకంలో మొట్టమొదటి బిడ్డ ప్రాణం లేకుండా పుట్టాడట. వాణ్ని ఇంటి పక్కనే పూడ్చారట. ఆ మట్టిలో మొలిచిందే కలో. తర్వాత పుట్టినవాడు మనిషి. అందుకని కలో మనందరికీ అన్న. అన్న ముందు తగువేమిటి?

"ఇంటి పక్కనేనా?" అంది అమ్మ.

"ఇంటి పక్కనే. తల్లికి కనబడేచోట."

అమ్మ నాన్న వైపు తిరిగింది. "మన పాపని ఎక్కడ పెట్టారు?"

"ఇప్పుడెందుకు అది? పిల్ల ముందర."

"పిల్లకీ తెలియాలి. చెప్పండి."

నాన్న కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "మా అమ్మ ఎందుకు వద్దందో నీకు తెలుసా?" అని అరిచాడు.

ఆంటీకి తెలుగు రాదు. గిన్నె అంచు మీద వేలితో తట్టి, మెల్లగా "కులికులి" అంది. "గిన్నె తెరిచే ఉంది. కూర్చో."

కూర్చున్నాడు. గిన్నెలోకి చూస్తూ చెప్పాడు. చెరకు తోటల్లో పనిచేసిన పాతవాళ్ల శ్మశానం. సముద్రం వైపు చివరి వరస. ఆ చివర ఒక చిన్న రాయి, తను పెట్టిందే.

"ఏం కప్పారు?"

"నా తెల్ల చొక్కా. ఇంటర్వ్యూకి కొన్నది."

"ఫుల్ హ్యాండ్సా?"

"ఫుల్ హ్యాండ్సే."

అమ్మ తల ఊపింది. రెండు వేళ్లు పోయ్‌లో ముంచి నోట్లో పెట్టుకుంది.

మర్నాడు తనే డ్రైవ్ చేసుకుని వెళ్లి చూసి వచ్చింది. ఆ శనివారం నుంచి మళ్లీ ఇసుకలో మామూలుగా నడిచింది. రెండేళ్లకు నాన్న ఉద్యోగం మారి నార్త్ కరోలినా వచ్చేశాం. ఆంటీ మాలియా ఇప్పుడు లేదు.

పోయిన వేసవిలో మా ఆయనతో, పిల్లలతో కవాయి వెళ్లాను. చేమాకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించిన చేపను పిల్లలు మూడు రోజులు వరసగా అడిగి తిన్నారు. నాలుగో రోజు నేనొక్కదాన్నే శ్మశానానికి వెళ్లాను.

సముద్రం ముందుకు వచ్చేసింది. చివరి రెండు వరసలు లేవు. గట్టు విరిగి ఉంది. కింద నీళ్లు.

ఒక ముసలాయన గడ్డి కోస్తున్నాడు. అడిగాను. "గట్టు కోసుకుపోయింది. దొరికినవాళ్లను పై వరసలోకి మార్చాం" అన్నాడు.

"చిన్నపిల్లలు?"

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

అప్పుడే నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్ నుంచి అమ్మ ఫోన్.

"వెళ్లావా?"

"ఇక్కడే ఉన్నానమ్మా."

"పూలు పెట్టావా?"

"దేవగన్నేరు పెట్టాను."

"రాయి కనబడుతోందా... గడ్డి కప్పేసిందా?"

"లేదమ్మా. శుభ్రంగా ఉంది."

"వచ్చే ఏడు నన్ను తీసుకెళ్లవే. మోకాళ్లు పనిచేస్తుండగానే."

పూలు నీళ్లలో వేసి వచ్చేశాను.

అమ్మ వారానికోసారి టికెట్లు చూశావా అని అడుగుతోంది. చూస్తున్నా అంటున్నాను. మా చిన్నప్పుడు ఇలాంటివి పెద్దవాళ్లు దాచేవాళ్లు. ఇప్పుడు దాచే వయసు నాకు వచ్చింది...

మీలో ఎవరైనా ఇలాంటి మాట ఒకటి దాచి, తర్వాత చెప్పి ఉంటే... ఎలా చెప్పారో కింద రాయండి. టికెట్లు ఇంకా బుక్ చేయలేదు.