బావగారి గొంతు లేని పొడుగు సినిమా

పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే రేపల్లె నుంచి మా అక్కయ్య ఫోన్ చేసి, "ఒరేయ్, ఆ పొడుగు సినిమా ఇంకా నీ దగ్గరుందా?" అని అడిగింది. నీటికాసుల జబ్బుతో రెండు కళ్ళూ ఇంచుమించు మూతపడి, ఎదురుగా నిలబడ్డవాళ్ళను గొంతునుబట్టి పోల్చుకునే మనిషి సినిమా అడగడమేమిటని నేను తడబడుతుంటే, "చూడ్డానికి కాదురా, వినడానికి" అని తనే అంది. ఏం వినాలనుకుంటోందో నాకు వెంటనే అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేది.

మా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, వీడియో క్యాసెట్లు అటకెక్కి డీవీడీలు వచ్చిన రోజులు. నేను అప్పుడు బాపట్లలో ఇంగ్లీషు లెక్చరర్ని. రాజులూ మాంత్రికులూ మాట్లాడే పక్షులూ ఉన్న దిండంత లావు ఇంగ్లీషు నవలొకటి నాకు ప్రాణం. దాన్ని మూడు సినిమాలుగా తీశారు. తెనాలి హాల్లో ఆడినవి కత్తిరించినవి. ఆ తరువాత ఇళ్ళలో చూసుకునేవాళ్ళ కోసం, కోసేసిన ముక్కలన్నీ మళ్ళీ అతికించి, ఒక్కొక్క సినిమానూ రెండేసి బిళ్ళల మీద పరిచి, అట్టపెట్టెలో పెట్టి అమ్మారు. మద్రాసు వెళ్ళే స్నేహితుణ్ణి పీక్కుతిని తెప్పించుకున్నాను. హాల్లో చూసింది టిఫిను, ఇది భోజనం అని ఊరంతా చెప్పుకుని తిరిగాను.

పొడుగంటే మా వైపు ఎవరికీ భయం లేదు. తెల్లవార్లూ నాటకాలు చూసి, పద్యం బాగుంటే వన్స్ మోర్ అని అరిచి, పాపం ఆ నటుడిచేత గొంతు బొంగురుపోయేదాకా పాడించుకున్న జనం మేము. అందుకని సెలవు దొరికితే చాలు, ఆ పెట్టెనూ డీవీడీ ప్లేయరునూ సంచిలో వేసుకుని, తెనాలిలో మారి, రేపల్లె బండెక్కి అక్కయ్య ఇంటికి చేరేవాణ్ణి. కింద ఇంగ్లీషులో పడే అక్షరాలు ఆ ఇంట్లో ఎవరికీ అక్కరకు రావు కనుక నేనే తెలుగులో చెప్పడానికి కూర్చున్నాను. ఒక్క మాట పొల్లుపోకుండా, పుస్తకంలో ఉన్నదున్నట్టు చెప్పాను. అరగంటలో సగంమంది ఆవులించారు, తక్కిన సగం పెరట్లోకి వెళ్ళిపోయారు.

అప్పుడు అందుకున్నారు మా బావగారు. ఆయన నిజాంపట్నం హార్బరులో చేపల వేలం వేసేవారు. ఇంజన్ల మోతలో, కాకుల గోలలో, పదిమంది బేరగాళ్ళ కేకల మీదుగా వినపడాల్సిన గొంతు అది. ఇంగ్లీషు ముక్క రాదు. అయినా తెర మీద గడ్డపాయన నోరు తెరిస్తే చాలు, బావగారు మాట అందించేవారు. మాంత్రికుడు మా వీధి చివర ఆయుర్వేదం డాక్టరయ్యాడు, రాక్షసులు బాకీ వసూలుకి వచ్చినవాళ్ళయ్యారు. ఇదంతా పుస్తకంలో లేదు బావా అని నేను మొత్తుకుంటే, "లేదంటే ఎట్టా బావమరిదీ, బొమ్మలో కనపడతంది గదా!" అనేవారు. పెరట్లోకి పోయినవాళ్ళంతా తిరిగి వచ్చేశారు. నా చదువుకి ఆ ఇంట్లో దక్కిన గౌరవం అంతే.

మొదటి బిళ్ళ అయిపోగానే రెండోది పెట్టమని తెర మీద అక్షరాలు పడేవి. అక్కయ్య టీ పెట్టడానికి లేచేది, పిల్లలు వీధిలోకి పరిగెత్తేవాళ్ళు. కాసేపాగి బావగారు వేలం గొంతుతో "ఒకటోసారీ... రెండోసారీ..." అని లాగేవారు. మూడోసారి అన్నాక బేరం కొట్టేసినట్టే, ఇంక ఎవరికోసమూ ఆగేది లేదు. అక్కయ్య గ్లాసులతో పరుగున వచ్చి కూర్చునేది.

పొడుగు సినిమాలో మాత్రమే ఉన్న ముక్క ఒకటుంది. ముసలి రాజు తెల్లవారకముందే యుద్ధానికి బయలుదేరి, రేవులో పడవెక్కుతాడు. మాట లేదు, పాట లేదు, గాలి హోరు తప్ప. దూరంగా గట్టు మీద ఎవరో ఆడమనిషి చిన్న చుక్కలా కనిపిస్తుంది. పుస్తకంలో ఆవిడ ఊసే లేదు. బావగారు మాత్రం ఆవిడ రాజుగారి భార్యే అని తేల్చేశారు. "పెరుగన్నం కట్టింది కట్టినట్టే వదిలేసి పోతన్నావేంటయ్యా?" అని ఆవిడ చేత అరిపించి, వెంటనే గొంతు తగ్గించి, రాజుగారి మాటగా "వస్తాలేవే, నీళ్ళు కాచి ఉంచు" అనేవారు. ఇల్లంతా గొల్లుమనేది. చీకటితోనే హార్బరుకి బయలుదేరుతూ ఆయన రోజూ మా అక్కయ్యతో అనే మాటే అది. చేపల వాసనతో తిరిగొచ్చే మనిషికి ఆవిడ వేడినీళ్ళు సిద్ధంగా ఉంచేది. టీవీకి వీపు పెట్టి బియ్యంలో రాళ్ళేరుకుంటూ, నవ్వు కనపడకుండా తల వంచుకుని, వన్స్ మోర్ అనేది. ఆయన రిమోట్ అందుకునేవారు.

కరోనా తగ్గిన మరుసటి ఏడు బావగారు ఆ హార్బరులోనే, వేలంపాట మధ్యలో, కూలిపోయారు. ఆ పొద్దు కూడా నీళ్ళు కాచే ఉన్నాయి.

ఫోన్ వచ్చాక ముందు సులువైన దారి చూశాను. సెల్‌ఫోన్‌లో ఆ సినిమా తెలుగు మాటలతో దొరికితే పట్టుకెళ్ళి వినిపించాను. ఓపిగ్గా విని, "ఇది కోసేసిందిరా, ఆ రేవు రానే లేదు" అంది. రేవు వచ్చినా అందులో గాలి తప్ప ఏమీ ఉండదు అక్కా అని చెప్పాలి. చెప్పకుండా ఇంటికొచ్చి, దాచిన బిళ్ళల పెట్టె దింపాను. పాత ప్లేయరు ఎప్పుడో తుప్పుపట్టింది. తెనాలి కొట్లలో అడిగితే కుర్రాళ్ళు నన్ను మ్యూజియం నుంచి తప్పించుకొచ్చినవాణ్ణి చూసినట్టు చూశారు. చివరికి కొలకలూరులో పెళ్ళి వీడియోలు తీసే పెద్దమనిషి తన దగ్గరున్నది దులిపి ఇచ్చాడు.

బిళ్ళ తిరిగింది. రేవు వచ్చింది. అక్కయ్య కుర్చీలో ముందుకు వంగి, "వచ్చిందా?" అంది. వచ్చిందన్నాను. గాలి వీచింది, పడవ కదిలింది, అయిపోయింది. "వన్స్ మోర్" అంది. వెనక్కి తిప్పాను. మళ్ళీ గాలే. అప్పుడు నెమ్మదిగా, "అందులో వేరే గొంతులు కూడా ఉండేవి కదరా, మీట నొక్కితే మారేవి" అంది. నిజమే, సినిమా నడుస్తుండగా తీసినవాళ్ళు వెనకనుంచి ముచ్చట్లు చెప్పే వరసలున్నాయి. ఒకటి నొక్కాను, దర్శకుడు మాట్లాడాడు. ఇంకోటి నొక్కమంది, నటులు నవ్వుకుంటున్నారు. ఇంకోటి నొక్కమంది, కత్తులు చేసినవాళ్ళు. ఆయన ఉండడని ఆవిడకు తెలియక కాదు. నొక్కనని చెప్పడం నాకు చేతకాలేదు. వరసలన్నీ అయిపోయి మళ్ళీ గాలి దగ్గరికే వచ్చాం. ఆఖరికి నేనే గొంతు సవరించుకుని, వస్తాలేవే, నీళ్ళు కాచి ఉంచు అన్నాను. పాఠం అప్పజెప్పినట్టుంది. "బాగానే చెప్పావురా" అని నా చెయ్యి తట్టి, మొహం అటు తిప్పుకుంది.

ఆ సినిమావాళ్ళు పనికిరాదని కోసేసిన ముక్కల్ని కూడా పారేయకుండా దాచి, పెట్టెల్లో పెట్టి లోకానికి పంచారు. మేము ఆయన మాటలకు అన్నేళ్ళు పడీపడీ నవ్వాం గాని, ఒక్క మాట పట్టి ఉంచుకోవాలన్న బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు. ఇప్పుడు అందరి జేబుల్లోనూ గొంతులు పట్టే యంత్రాలున్నాయి. ఏం లాభం?

ఇంతలో మొదటి బిళ్ళ అయిపోయింది. గది నిశ్శబ్దమైపోతే అక్కయ్యకు తెలిసింది. టీ పెట్టడానికి లేవలేదు. కాసేపాగి, తనలో తాను అనుకుంటున్నట్టు, "ఒకటోసారి" అంది. "రెండోసారి" అన్నాను నేను. మూడోసారి అనాల్సింది ఆయన. మేమిద్దరం అనలేదు.