వెనక నుంచి నడిపిన చైత్ర

చైత్ర ఎక్కడికి వెళ్లినా అందరికంటే చివరనే ఉంటుంది. బద్ధకం వల్ల కాదు. పట్టుబట్టి, పోట్లాడి సంపాదించుకునే చివర అది. పెళ్లిళ్లలో కడుపు కాలుతున్నా ఆఖరి బంతి దాకా కూర్చోదు. బంగారుపేటలో రైలు కూత వేశాక కూడా "మీరెక్కండి, మీరెక్కండి" అంటూ తలుపు పక్కన నిలబడుతుంది. బడి ప్రార్థన వరసలో తన వెనక ఎవరైనా చేరితే తాను వాళ్ల వెనక్కి పోతుంది. ఆట పట్టించడానికి పిల్లలు ఒకరి తరవాత ఒకరు ఆమె వెనక చేరి, ఒక రోజు ఆ వరసను గేటు దాటించి రోడ్డెక్కించారు.

ఇదంతా వాళ్ల తాత నరసింహప్ప చలవ. ఆయన కేజీఎఫ్ బంగారు గనిలో మేస్త్రీ. షిఫ్టు ముగిశాక మనుషుల్ని పైకి లాగే ఇనుప పెట్టెను కేజు అంటారు. తన మనుషులంతా కేజు ఎక్కాకే మేస్త్రీ ఎక్కాలి. గని మూతపడింది, లోపల నీళ్లు నిండాయి. ఆ తరవాత పుట్టిన ఈ పిల్లకు తాత ఆస్తిలో ఆ ఒక్క నియమమే దక్కింది.

నేను వాళ్ల బడి లైబ్రరీలో చాలాకాలం పనిచేసి రిటైరైనవాణ్ణి. పోయిన వేసవిలో ఒక ట్రస్టువాళ్లు మా పిల్లల్ని ఎనిమిది మందిని చదువుయాత్రకు సింగపూరు తీసుకెళ్తూ, నాగరత్న టీచరుకు తోడుగా ఒక పెద్దమనిషి కావాలన్నారు. పుస్తకాల్లో తప్ప ఏ దేశమూ చూడని నేను మోకాళ్లను అడగకుండానే ఒప్పేసుకున్నాను.

అక్కడ రోజుకొకరు లీడరు. చైత్ర వంతు వచ్చిన రోజున, నగరం అడుగున రైలుదారి తవ్వుతున్న సొరంగంలోకి లిఫ్టులో దిగి చూడాలి. అన్నంముద్దతో పాటు గని కథలు మింగి పెరిగిన పిల్ల అది, కానీ భూమి లోపలికి ఒక్క అడుగు వేసింది లేదు. ఈ ఒక్క రోజు కోసమే ఇంటి దగ్గర నుంచి కలలు కంటూ వచ్చింది. పది గంటలకు గేటు మూస్తారనీ, తరవాత ఎవరొచ్చినా తెరవరనీ ముందే చెప్పారు.

లీడరు యథాప్రకారం చివరన నిలబడింది. ముందు మునేష్. మా ఊరి ఆండర్సన్‌పేట కుర్రాడు, కాళ్లకు చక్రాలున్నట్టు నడుస్తాడు. వెనక నుంచి చైత్ర "ఎడమకు" అని చెబితే, ఆ మాట అందరినీ దాటి చేరేసరికి వాడు కుడికి తిరిగిపోయేవాడు. అలా ఒకే పూలతోట చుట్టూ తిరిగి తిరిగి వచ్చాం. మూడోసారికి అక్కడి తోటమాలి మాకు నమస్కారం పెట్టాడు.

నాగరత్న టీచరు విసుక్కుంది. "లీడరంటే ముందర ఉండల్ల కదమ్మా?"

"ముందరుంటే దావ కనిపిస్తాది మిస్. వెనకుంటే మనుషులు కనిపిస్తారు" అంది చైత్ర.

నేనూ ఆ వెనకే నడుస్తున్నాను కాబట్టి ఆమె ఆరోగ్యం నాకు బాగా తెలుసు. అది ఏమంత బాగాలేదు. మొదటి రోజు కంట్లో నలుసు పడి ఆగింది. రెండో రోజు బూటులో రాయి, గంటకొకటి. ఆ రోజు పొద్దున ఎడమకాలు నొప్పి. ఈ వయసులోనే ఇన్ని బాధలా అని జాలిపడి నా మోకాళ్ల తైలం ఇస్తే, భక్తిగా పూసుకుంది.

చివరికి సొరంగం దగ్గరి స్టేషనులో దిగాం. మెట్ల మీద నా మోకాలు మొండికేసింది. మిగిలినవాళ్లు పైకి చేరిపోయారు. టైము చూస్తే పదికి దగ్గర పడింది. చైత్ర పైకి చూసి మునేష్‌కు కేక వేసింది.

"అందర్నీ పిల్చుకోని పో అప్పా. మాకోసం కాచుకోవద్దు."

"నువ్వు?"

"ఇంగ మాట్లాడేకి టైము లేదు. నడువు."

నేను చైత్రను పొమ్మన్నాను. నేను ఇక్కడే కూర్చుంటాను, నీ గేటు మూసేస్తారు అని బతిమాలాను.

"నాకూ నడిచేకి కాదు తాతా. కాలు నొప్పి" అంది.

"ఏ కాలు?"

కాసేపు ఆలోచించి కుడికాలు చూపించింది.

అన్ని పుస్తకాలు చదివిన నాకు అప్పుడు వెలిగింది. ఈ పిల్ల రోగాలన్నీ సరిగ్గా నా మోకాళ్లు ఆగిన చోటే వస్తున్నాయి. ఇన్ని రోజులూ నన్ను ఒంటరిగా వెనకబడనివ్వలేదు. ఈ రోజు అందుకోసం సొరంగాన్నే వదులుకోబోతోంది.

లేచాను. మెట్ల పక్క కమ్మీ ఒకవైపు, చైత్ర భుజం ఒకవైపు పట్టుకుని, పెళ్లినాడు కూడా నడవనంత వేగంగా నడిచాను.

చేరేసరికి పది దాటింది. గేటు మాత్రం మూయలేదు, మూయడానికి వీల్లేదు. మునేష్ అందరినీ లోపలికి పంపి, తాను ఒక కాలు లోపల, ఒక కాలు బయట వేసి అడ్డంగా నిలబడ్డాడు. మేస్త్రీ రాకుండా మా ఊళ్లో కేజు కదలదని కాపలాదారుకు తమిళంలో కథ చెబుతున్నాడు. తమిళనాడు నుంచి వచ్చిన ఆ మనిషి నవ్వుతూ వింటున్నాడు.

చైత్ర ముఖం వెలిగి, వెంటనే ముడుచుకుంది. ఆమె చోటు ఇంకొకరు ఆక్రమించారు.

"నువ్వు పో లోపలికి" అంది.

"ఈ పొద్దు అందరికంటే కడగా నేను. నువ్వు పో" అన్నాడు వాడు.

ఇద్దరూ కదలరు. కాపలాదారు గడియారం చూసుకున్నాడు. ఇక నేను కల్పించుకోక తప్పలేదు.

"మీ తాత నీకు సగమే చెప్పినాడమ్మా. పైకి వచ్చేటప్పుడే మేస్త్రీ కడగా. దిగేటప్పుడు మేస్త్రీనే ముందర. కింద బాగుండాదో లేదో చూసేది ఎవురు మరి?"

నరసింహప్ప నాతో ఈ మాట ఎప్పుడూ అనలేదు. ఏ పుస్తకంలోనూ చదవలేదు. కుడికాలి నొప్పి ఎంత నిజమో ఇదీ అంతే నిజం.

చైత్ర నన్ను తేరిపార చూసింది. నమ్మిందో, నమ్మినట్టు ఊరుకుందో తెలియదు. "అట్లనా తాతా" అని, పసుపురంగు హెల్మెట్ పెట్టుకుని, అందరినీ దాటుకుంటూ వెళ్లి లిఫ్టు తలుపు ముందు నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక ముందు నిలబడటం ఇదే మొదలు. అలవాటు లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కింద తలుపు తెరుచుకుంది. చల్లటి మట్టివాసన. చైత్ర మెల్లగా ఒక అడుగు వేసింది, ఇంకొకటి వేసింది. పైకప్పును చూసింది, గోడ మీద అరచెయ్యి ఆనించింది. ఆ నవ్వు చూస్తూ మేమందరం లిఫ్టులోనే నిలబడిపోయాం.

తరవాత వెనక్కి తిరిగి, నా వైపు చెయ్యి చాచింది.

"బాగుండాది. చూసి దిగండి తాతా, తడిగా ఉండాది."