ఫినాయిల్‌కు లైసెన్స్

నవ్వేవాళ్లు ముందే నవ్వుకోండి, నేను మాత్రం సిగ్గుపడబోవడం లేదు. బొల్లారం చర్చి స్త్రీల సమాజం ముందు నేను నిలువునా మునిగిన కథ ఇది.

అప్పటికి నల్లకోటు కుట్టించుకుని నెల. సమాజంలోని పుష్పక్క కూతురు స్నేహకు తలసీమియా; మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. జన్యువును సవరించే చికిత్స వస్తోందని డాక్టర్ చెప్పాడట. దాని గురించి ఏ దేశ చట్టం ఏమంటుందో తెలుగులో చెప్పమని కార్యదర్శి రూతమ్మ ఆంటీ నా చేతిలో ఒక ఇంగ్లీషు వ్యాసం పెట్టారు. ఆలు లేదు, చూలు లేదు, పుట్టబోయేవాళ్ల జన్యువుల మీద నా ఉపన్యాసం!

వ్యాసం నిండా 'జెర్మ్‌లైన్' అనే మాట. జెర్మ్ అంటే క్రిమి, లైన్ అంటే వరుస. నిఘంటువు తెరవడం లాయరుకు నామోషీ కదా.

"క్రిముల వరుసను సవరించడం చాలా దేశాల్లో నిషేధం," అని గంభీరంగా మొదలుపెట్టాను.

రూతమ్మ ఆంటీ చెయ్యెత్తారు. "అంటే బాత్రూంల ఫినాయిల్ పోస్తే కేసైతదా బాబూ?"

"బ్రిటన్‌లో లైసెన్స్ తీసుకోవాలి ఆంటీ. అదీ ప్రయోగశాల వరకే," అని వ్యాసంలో ఉన్నదే అప్పజెప్పాను.

పుష్పక్క లేచి నిలబడింది. "మా స్నేహకు చేస్తమన్న ట్రీట్‌మెంట్ సుత నేరమేనా?"

నేను పట్టిన క్రిమికి మూడే కాళ్లు. "జన్యువు జన్యువే అక్కా. నేరమే."

ఆమె కళ్లు నిండాయి. గొంతు మాత్రం వణకలేదు. "అయితే అన్ని దేశాల మీద కేసేద్దాం. నువ్వే వెయ్యి. నా బిడ్డను బతికించుకునుడు తప్పని జడ్జి నా మొఖం చూసి చెప్పాలె."

హాలంతా చప్పట్లు. ఈలోగా స్నేహ వచ్చి నా చేతిలోని కాగితం లాక్కుంది. పదో తరగతి పిల్ల.

"అన్నా, ఈడ జెర్మ్ అంటే క్రిమి కాదు, విత్తనం. పుట్టబోయే పిల్లలకు పోయే కణాలను మార్చొద్దన్నరు. నాలాంటోళ్ల ఒంట్ల కణాలైతే పర్మిషన్ తీసుకొని బాగుచెయ్యొచ్చు. కింది పేరాలనే ఉంది, సదవలేదా?"

చదవలేదు.

రూతమ్మ ఆంటీ నా చెవిలో గొణిగారు. "ఊకో బాబూ. లాయరు తప్పు ఒప్పుకుంటే ప్రాక్టీస్ నడవది."

నడవకపోతే కూర్చుంటుంది. మైకు అందుకుని, "నేను చెప్పింది తప్పు, స్నేహ చెప్పిందే చట్టం," అన్నాను. పుష్పక్క కూతుర్ని పట్టుకుని ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది.

"మరి కేసు?" అన్నాను, ముక్కు తుడుచుకుంటూ.

"తీసెయ్యకు. పర్మిషన్ ఇయ్యనోని మీద ఏద్దాం," అంది పుష్పక్క.

రూతమ్మ ఆంటీ నేటికీ ఎక్కడ కనబడినా, "ఫినాయిల్ లైసెన్స్ వచ్చిందా బాబూ?" అని అడుగుతారు. అందుకే నల్లకోటు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పదో తరగతి పిల్ల పక్కన లేనిదే ఏ ఇంగ్లీషు మాటకూ తెలుగులో నామకరణం చేయను.